బదులు తీరని వాగు గట్టు

మా కాలనీ బోరు నీళ్లు ఈ వేసవిలో వాసన కొట్టడం మొదలుపెట్టాయి. ఖమ్మంలో మా వీధి వాళ్లమంతా ఒక సాయంత్రం అసోసియేషన్ అధ్యక్షుడి ఇంటి డాబా మీద కూర్చుని, ఎవరి సెప్టిక్ ట్యాంకు ఎవరి బోరుకు దగ్గరగా ఉందో తేల్చుకోలేక వాదించుకుంటున్నాం. అప్పుడే ఒక సంస్థ వాళ్లు వచ్చి రంగుల కరపత్రాలు పంచారు. నీటిని కాపాడుకునే పనులకు ఖర్చులో మూడు వంతులు వాళ్లు పెట్టుకుంటారట, ఒక వంతు ఇంటివాళ్లు పెట్టుకోవాలట. ఇంటికో ఇంకుడు గుంత, వంటింటి నీళ్లు వడగట్టే ఇసుక తొట్టి, ఊళ్లలో అయితే వాగు గట్లకు గడ్డి, తాగునీటి చెలమలకు రాతి కట్టు. కరపత్రం మీద పచ్చటి గట్ల మధ్య మెరిసిపోతున్న ఒక వాగు బొమ్మ, దాని కింద "ప్రజల వాటాతో బతికిన వాగు" అని పెద్ద అక్షరాలు. ఆ వాగు చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉందట. ఆ వారాంతం నేను ఎలాగూ భద్రాచలం వెళ్తున్నాను. ఊళ్లు తిరిగి బ్లాగు రాసే మనిషిని కాబట్టి, మీరు చూసి వచ్చి బాగుందంటే మనమూ చేరదామని ఆ పని నా నెత్తిన పెట్టారు. నేనూ సంతోషంగానే ఒప్పుకున్నాను. మెచ్చుకుంటూ రాద్దామనే బయలుదేరాను. ఇప్పుడు రాస్తున్నది మెచ్చుకోలు కాదని ముందే చెప్పేస్తున్నాను.

శనివారం పొద్దున ఆరు గంటల ప్రాంతంలో ఖమ్మం బస్టాండులో కొత్తగూడెం బస్సు ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే టికెట్ ఖర్చు ఉండదు, సీటు దొరకడమే కష్టం. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా రెండున్నర గంటలు పట్టింది. తల్లాడలో బస్సు ఆగినప్పుడు దిగి ఇడ్లీ తినండి, కొత్తగూడెం దాకా ఆకలిని ఆపుకోవద్దు. రైల్లో వద్దామనుకునేవాళ్లకు ఒక మాట. "భద్రాచలం రోడ్" అనే స్టేషన్ కొత్తగూడెంలోనే ఉంది. గుడి అక్కణ్నుంచి ఇంకో గంటకు పైగా బస్సు ప్రయాణం. రైలు దిగి చెప్పులు విప్పడానికి సిద్ధపడే భక్తులను నేను కళ్లారా చూశాను. కొత్తగూడెం నుంచి చండ్రుగొండకు బస్సులూ షేర్ ఆటోలూ ఉన్నాయి. అక్కడి నుంచి వాగు దాకా మాత్రం ఆటో మాట్లాడుకోవాల్సిందే. నాకు దొరికిన ఆటో యాకూబ్ అనే అతనిది. రానూ పోనూ, అక్కడ ఆగినందుకూ కలిపి నాలుగు వందలకు కిరాయి కుదిరింది.

రోహిణి కార్తె ఎండ. రోడ్డుకు ఒక పక్క ఆకు రాలిన టేకు చెట్లు, ఇంకో పక్క పామాయిల్ తోటలు. ఎక్కడికి పోవాలో చెప్పగానే యాకూబ్ నవ్వాడు. ఆ వాగు దగ్గరికి ఈ మధ్య చాలామందిని తీసుకెళ్లాడట, పెద్ద కార్లు ఈ దారిలో దిగబడతాయని ఊరి బయటే ఆపేసి తన ఆటో ఎక్కుతారట. "అందరు ఫోటోలు దిగేటోళ్లే మేడం. గా నీళ్లు తాగినోణ్ని ఒక్కణ్ని చూడలే" అన్నాడు. ఏదో వెటకారం అనుకుని నేను పెద్దగా పట్టించుకోలేదు.

వాగు గట్టు నిజంగానే అందంగా ఉంది. నడుము ఎత్తున వట్టివేరు గడ్డి, రోహిణి కార్తెలో కూడా పచ్చగా, బారులు తీరి ఉంది. పైన పొలాల నుంచి కొట్టుకొచ్చే మట్టినీ మందునీ వాగులో పడకుండా ఆ గడ్డే పట్టుకుంటుందట. పక్కనే ఒక బోర్డు: సంస్థ వాటా ఇంత, రైతు వాటా శ్రమ రూపంలో ఇంత, రైతు పేరు ప్రసాదరావు. నేనూ అందరిలాగే ఫోటో దిగాను. ఆ ప్రసాదరావు గారే తోటలోంచి వచ్చి, ఎండలో నిలబడ్డారేమిటమ్మా అంటూ లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చారు. వాళ్ల తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నారట. మాట మెత్తన, మర్యాద తెలిసిన మనిషి. గడ్డి ఎవరు నాటారని అడిగితే, "కింద తండా వాళ్లండీ. పాపం పిల్లా జెల్లా అందరూ వచ్చి రోజుల తరబడి చేశారు. మేమూ మంచిగా భోజనాలు పెట్టాం" అన్నారు. మరి బోర్డు మీద మీ శ్రమ అని ఉందేమిటని అడగాలని నాకు అప్పుడు తట్టలేదు. మజ్జిగ చల్లగా ఉంది.

ఏదో తేడా ఉందని తట్టింది ఒక ఫర్లాంగు కిందికి నడిచాక. గడ్డి గట్టు ట్రాక్టరు వాగులోకి దిగే చోట ఆగిపోయింది. కరపత్రం బొమ్మ కూడా సరిగ్గా అక్కడికే ఆగిపోయింది మరి. ఆ దిగుడులో నీలం డ్రమ్ములు రెండు, గడ్డి మందు ఖాళీ డబ్బాలు, స్ప్రేయరు కడిగిన తెల్లటి చార. ఆ చార కిందికి పోయే దారిలోనే తండా వాళ్ల చెలమ ఉంది. చెలమ అంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను, వాగు ఒడ్డున ఇసుకలో తవ్వుకునే ఊట గుంట. ఎండాకాలంలో తండా తాగేది అదే. ఇళ్ల ముందు నల్లాలు ఉన్నా ఈ నెలల్లో ధార సన్నబడిపోతుందట. చెలమ చుట్టూ రాతి కట్టు లేదు, కరపత్రంలో చెప్పిన ఏ ముచ్చటా లేదు. పశువులు రాకుండా రేగుముళ్ల కంప అడ్డం వేసి ఉంది, అంతే.

అక్కడ ఒకావిడ వంగి నిల్వ నీళ్లు తోడి పారబోస్తోంది. పొద్దున మొదట వచ్చినవాళ్లూ మధ్యాహ్నం మొదట వచ్చినవాళ్లూ పాత నీళ్లు తోడేసి, కొత్త ఊట వచ్చేదాకా కూర్చోవడం అక్కడి పద్ధతి. ఆవిడ పేరు బుజ్జి. నలభై దాటి ఉంటాయి. తండా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఇప్పుడు సెలవులు. మాటల్లో నేను ఎందుకొచ్చానో చెప్పాను. అప్పుడామె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఫోటో అయిందా అని అడిగింది. అయిందన్నాను. అయితే తిందువు రా అంది.

వాళ్ల ఇంటి ముందు పందిట్లో కూర్చోబెట్టి జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పచ్చడి పెట్టింది. రొట్టె అప్పుడే కాల్చింది, అంచులు కరకరలాడుతున్నాయి. నేను నీళ్లు అడిగితే బిందె వైపు చూసి కూడా ముంచలేదు. కొట్టుకు మనిషిని పంపి సీసా తెప్పించింది. ఆ నీళ్లే ఇవ్వమ్మా పర్వాలేదు అన్నాను. "వద్దక్కా, నువ్వు దూరం పోవాలె" అంది. లోపల గడప దగ్గర ఆమె కూతురు శిరీష గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, తొమ్మిదో నెల. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ పిల్ల తాగుతున్నది మాత్రం బిందెలో నీళ్లే. ఎన్ని రోజులని సీసాలు కొనగలరు?

అప్పుడు చెప్పింది బుజ్జి. పోయిన ఏడు మిర్గం వానలు, అంటే మృగశిర కార్తె వానలు, మొదలైన వారంలో పైనుంచి నీళ్లు తెల్లగా, నురగతో వచ్చాయట. రెండు రోజుల్లో తండాలో సగం మంది వాంతులతో దవాఖానాలో పడ్డారు. అందుకే చలికాలంలో సంస్థ మనిషి వచ్చి మీటింగు పెట్టి వాటా సంగతి చెప్పగానే అందరికంటే ముందు వీళ్లే లేచారు. డబ్బు లేనివాళ్లు పని చేసి వాటా ఇవ్వొచ్చన్నాడట. ముందు పై గట్టుకు గడ్డి, తర్వాత కింద చెలమకు కట్టు, వాగు అంతా ఒక్కటే కదా అన్నాడట. తండాకు తండా కదిలి ప్రసాదరావు గారి గట్టు మీదికి పోయింది. గడ్డి నాటారు, రాళ్లు మోశారు, నాటింది బతికేదాకా నీళ్లు పోశారు.

"మరి మీ చెలమ ఎందుకు కట్టలేదు?" అన్నాను.

"మా వాటా ఇంక రాలేదంట."

నాకు అర్థం కాలేదు. బుజ్జి ఓపికగా చెప్పింది. భూమి ప్రసాదరావు గారిది కనుక ఆ గట్టు మీద ఎవరు చేసినా ఆ పని ఆయన వాటా కింద పోయిందట. తండా వాళ్లు చెలమ కోసం వేరేగా వాటా ఇచ్చుకుంటేనే సంస్థ తన మూడు వంతులు తెస్తుందట. అంటే ఇన్ని రోజులు ఒళ్లు వంచి పనిచేస్తే, భూమి ఉన్న పెద్దమనిషి కాలు కదపకుండా వాటాదారు అయ్యాడు, బోర్డు మీదికి ఎక్కాడు. గడ్డి నాటినవాళ్లు బాకీదారులుగా మిగిలారు. నా ఒళ్లు మండిపోయింది. ముందుగా మీరెందుకు అడగలేదు, కాగితం మీద రాయించుకోవాల్సింది కదా అని నేను ఆమె మీదే ఎగిరాను.

బుజ్జి రొట్టె తిరగేస్తూ అంది. "కూలికి పోతే ఎవని సద్ది వాడు కట్టుకపోతడక్కా. బదులుకు పోతే చేనుగల్లోళ్లే బువ్వ పెడతరు. ఇయ్యాల మేం నీ చేన్ల, రేపు నువ్వు మా చేన్ల. సార్ వాళ్లింట్ల పప్పు, చారు, అప్పడాలు గూడ పెట్టిన్రు. తిన్నం. ఇగ మా చెలమ కాడికి వాళ్లొస్తరనుకున్నం. బదులుకు కాయితం ఎవరు అడుగుతరు?"

పైన ఆయన ఎంత గర్వంగా చెప్పారు, భోజనాలు పెట్టామని. ఆయన దృష్టిలో అది మర్యాద, చేసిన సాయానికి చెల్లు. వీళ్ల దృష్టిలో అదే విస్తరి ఒప్పందం. వీళ్లు తర్వాత పోయి అడిగితే కూడా ఆయన అదే అన్నారట, అన్నం పెట్టాను కదా అని. సంవత్సరం పొడుగునా వీళ్లు పత్తి ఏరేది ఆయన చేలోనే, పామాయిల్ గెలలు మోసేది ఆయన తోటలోనే. గట్టిగా ఏమని అడుగుతారు?

బోర్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. సంస్థ ఫీల్డ్ ఆఫీసర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. లబ్ధిదారుడు ఎవరైతే వాటా వారిదేనట, అదే నిబంధనట, తండా వాళ్లు వాటా చూపిస్తే రేపే పని మొదలుపెడతారట. వానలు వారంలో వస్తున్నాయి, ఇక్కడ నిండు గర్భిణి ఉంది అన్నాను. అర్థం చేసుకోగలను మేడం అన్నాడు. ట్రాక్టరు దిగే చోట మందు డ్రమ్ములు కడుగుతున్నారు, అది మీకు కనబడలేదా అన్నాను. అది మా ప్రాజెక్టు పరిధి బయట అన్నాడు. నేను గొంతు పెంచాను. ఇంతకీ మీరెవరు అని అడిగాడు. చూడ్డానికి వచ్చినదాన్ని అన్నాను. అలాగా అని పెట్టేశాడు. అంత మంచి మర్యాదతో మనిషిని అంతలా కాల్చవచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

ఇప్పుడే పైకి పోయి ప్రసాదరావు గారిని కడిగేస్తానని లేచాను. బుజ్జి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "నువ్వు లొల్లి పెట్టి బస్సెక్కుతవ్. రేపు ఆయన తోటకు పోయేది మేము" అంది. తర్వాత పొయ్యి సర్ది, కొంగు దులుపుకుని, పద అంది. ఇద్దరం పైకి నడిచాం. ఆయన్ని ఏమేం అడగాలో నేను దారంతా కూడబలుక్కుంటున్నాను, ఆమె మాత్రం పేరంటానికి పిలవడానికి పోతున్నట్టు నడిచింది. ప్రసాదరావు గారు మళ్లీ కుర్చీలు తెప్పించారు. బుజ్జి కూర్చోలేదు.

"సార్, రేపు మా చెలమ కాడ వంట చేస్తున్నం. మీ ఇంటి బువ్వ మేం తిన్నం, రేపు మా బువ్వ మీరు తినాలె. పొద్దుగాలనే రాండ్రి. గడ్డపార, పారలు తెచ్చుకోండ్రి."

ఆయన నెమ్మదిగా, చూద్దాంలేమ్మా అన్నారు. దిగి వస్తుంటే నేను కూడా రేపు వచ్చి చూస్తానన్నాను. బుజ్జి నవ్వింది. చూసేదేంది, నువ్వూ తిన్నవ్ గదా అంది.

ఆ సాయంత్రానికి భద్రాచలం చేరాను. కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా బస్సు, గుడి దగ్గర మామూలు గది. సాయంత్రం దర్శనం అరగంటలో అయిపోయింది, సెలవుల్లో శనివారం అంత తేలిగ్గా అవడం అదృష్టమే. కానీ నా మనసు దేవుడి మీద లేదు. గోదావరి మెట్ల మీద కూర్చుని ఒడ్డున తేలుతున్న ప్లాస్టిక్ కవర్లను చూస్తూ, ఆ వాగు కూడా చివరికి ఇందులోనే కలుస్తుందనుకున్నాను. వాటా ఎవరిదన్న లెక్క నీళ్లకు లేదు, మనకే కావాల్సి వచ్చింది.

ఆదివారం యాకూబ్ చండ్రుగొండలో తయారుగా ఉన్నాడు, ఈసారి కిరాయి మాట ఎత్తలేదు. మేం చేరేసరికి తండా ఆడవాళ్లు వాగులో రాళ్లు ఏరి కుప్ప పోస్తున్నారు. పెద్ద డేక్సాలో అన్నం ఉడుకుతోంది. ప్రసాదరావు గారు పది గంటలు దాటాక ట్రాక్టరు మీద వచ్చారు. వెంట ఇద్దరు కూలీలు. ట్రాక్టరులో ముగ్గురి సద్ది డబ్బాలు, ఒక పెద్ద వాటర్ క్యాన్. డబ్బాలు చూడగానే అందరికీ అర్థమైంది. ఆయన బదులుకు రాలేదు, కూలీలను పెట్టి దగ్గరుండి పని చేయించడానికి వచ్చాడు. నాకు ఏడుపు వచ్చేంత కోపం వచ్చింది.

బుజ్జి మోదుగాకు విస్తరి వేసి, వేడి అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించి, చెలమలోంచి ఒక స్టీలు గ్లాసు నీళ్లు ముంచి పక్కన పెట్టింది. రాండ్రి సార్ అని పిలిచింది. అంతమంది చూస్తుండగా కాదనలేక ఆయన వచ్చి కూర్చున్నారు. గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. నీళ్లు పైకి తేటగానే ఉన్నాయి. ఆయన వాటి వైపు చాలాసేపు చూశారు. తన ట్రాక్టరు దిగే చోటు ఆ కూర్చున్న చోటికి కనబడుతూనే ఉంది.

"ఈ నీళ్లు నేను తాగలేనమ్మా" అన్నారు, తల ఎత్తకుండా.

"మేం తాగుతున్నం సార్. నా బిడ్డ తాగుతున్నది" అంది బుజ్జి.

ఆయన గ్లాసు కింద పెట్టారు. క్యాన్ వైపు చెయ్యి పోలేదు, అది మాత్రం చెప్పాలి. నీళ్లు లేకుండానే అన్నం తిన్నారు. మధ్యలో పొలమారింది, దగ్గి, కళ్లు తుడుచుకుని, విస్తరి ఖాళీ చేసి లేచారు. ట్రాక్టరులోంచి గడ్డపార తీసి, చొక్కా విప్పి పక్కన పెట్టి, పైనుంచి వచ్చే నీళ్లు పక్కకు మళ్లేలా చెలమ పైవైపు కాలువ తవ్వడానికి దిగారు. కూలీలు ఇద్దరూ మొహమొహాలు చూసుకుని, సద్ది డబ్బాలు అలాగే ఉంచి విస్తళ్ల ముందు కూర్చున్నారు. పొద్దు వాలేదాకా పని సాగింది. నేను రాళ్లు అందించాను, యాకూబ్ ఆటోలో ఇసుక తోలాడు. సాయంత్రానికి పైవైపు కట్టు మోకాలెత్తు లేచింది, కాలువ సగం అయింది. కిందివైపు ఇంకా తెరిచే ఉంది. పోతూ పోతూ ప్రసాదరావు గారు మళ్లీ వస్తానని అనలేదు, డ్రమ్ముల మాట ఎత్తలేదు. గడ్డపార మాత్రం చెలమ దగ్గరే వదిలి వెళ్లారు.

నా కోపం ఇంకా తగ్గలేదు. ఖర్చు పంచుకుని నీళ్లను కాపాడుకోవడం మంచి ఆలోచనే, దాన్ని కాదనను. కానీ భూమి ఉన్నవాడి పేరు మీద పడిందే వాటా, లేనివాళ్లు చేసింది సేవ అనే లెక్క ఎవరు కనిపెట్టారు? ఆ లెక్కతో వాగు పై సగం బొమ్మలకెక్కుతుంది, కింది సగం దవాఖానాకు పోతుంది. మా కాలనీ మీటింగులో ఇదే చెప్పాను. మేం చేరితే మా ఇళ్ల వెనక గుంతలు తవ్వే మనుషుల పనిని ఎవరి వాటాగా రాస్తారో ముందు చెప్పమని అడిగాను. సంస్థ వాళ్లు కనుక్కుని చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు. వాగు దగ్గర బోర్డు మీద పేరు మారలేదని నిన్ననే యాకూబ్ ఫోన్లో చెప్పాడు. శిరీషకు ఇంకా నొప్పులు రాలేదట. అడవి మీద మబ్బు పట్టిందట.

మీరు భద్రాచలం పోతూ ఆ దారిన వెళ్లాలనుకుంటే ఒక సలహా. ఆదివారం పొద్దున తొమ్మిదిలోపు చండ్రుగొండ చేరితే తండాకు ఆటో దొరుకుతుంది, మిర్గం లోపు వెళ్తేనే ఉపయోగం. ఒక పార తీసుకెళ్లండి. టిఫిన్ డబ్బా మాత్రం కట్టుకుని వెళ్లకండి, బుజ్జి పెట్టింది తినండి.